అక్క నడుము, నా ఎడమ కాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావాల్సిన చోట నా ఎడమ కాలు ముందు వచ్చిందట. ములకలపల్లి దాటి అడవి వైపు పోయే దారిలో ఉన్న మా ఊళ్లో, ఆ కాలు వల్ల నాకొక పని ఉండేది. నడుము పట్టేసినవాళ్లను తొక్కడం. బడికి పోయే వయసు రాకముందే నాకు ఆ ఉద్యోగం దొరికింది. తర్వాత బీఈడీ చేసి, పరీక్షలు రాసి, వైరా దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే ఉద్యోగం తెచ్చుకున్నాను గానీ మా ఊరివాళ్ల దృష్టిలో నా అసలు ఉద్యోగం మొదటిదే.

తొక్కడానికి ఒక పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున, నేనూ వచ్చినవాళ్లూ చాయ్ చుక్క కూడా తాగకముందు చేయాలి. నొప్పి ఉన్నవాళ్లు గడప మీద బోర్లా పడుకోవాలి, తల ఇంట్లోకి, కాళ్లు వాకిట్లోకి. నేను ఎడమ కాలితో మూడుసార్లు నడుము తొక్కాలి. అయ్యాక వాళ్లు లేచి వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. ఇలా మూడు ఆదివారాలు. బదులుగా ఏమీ ఇవ్వకూడదు, పెరట్లో కాసిన సొరకాయ కూడా. వెనక్కి చూడకుండా పోయేవాళ్లు కాబట్టి, తగ్గనివాళ్ల మొహాలు నేనెప్పుడూ చూడలేదు. తగ్గినవాళ్లు మాత్రం సంతలో కనిపించి మరీ చెప్పేవాళ్లు.

నన్ను కన్న తర్వాత అమ్మ సరిగా కోలుకోలేదు. నాకు మూడేళ్లు నిండీ నిండకముందే పోయింది. నన్ను పెంచింది అక్క. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. అక్కకు నా ఎడమ కాలంటే అపురూపం. తను అడవిలో ఉత్త కాళ్లతో తిరిగేది, నాకు మాత్రం చెప్పులు కొనిపెట్టేది. నా పాదంలో ముల్లు దిగితే దీపం దగ్గర కూర్చోబెట్టి పిన్నీసుతో తీసి, ఇప్ప నూనె రాసేది. "ఈ కాలు పాడైతే పది మంది నడుములు గట్లనే ఉంటయ్" అనేది. కుడికాలుకు ముల్లు గుచ్చుకుంటే మాత్రం నన్నే తీసుకోమనేది. నేను ఏడిస్తే నవ్వేది.

బళ్లో నేను పిల్లలకు మూఢనమ్మకాల గురించి గొంతు చించుకుని చెప్పేదాన్ని. శనివారం సాయంత్రం బస్సెక్కి, ఆదివారం పొద్దున, అక్కా బావా ఉంటున్న మా ఇంటి గడప దగ్గర చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడేదాన్ని. ఇది ఒకరకం మసాజే కదా, కండరాలు వదులవుతాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. సైన్సు చదువుకున్నందుకు నాకు దక్కిన లాభం అదొక్కటే, నా తప్పులకు మంచి కారణాలు దొరకడం.

ఒక ఏడాది, బీడీలు చుట్టే తునికాకు కోత అయిపోయాక అక్కకు నడుము నొప్పి పట్టుకుంది. అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా ఆమె ప్రతి ఎండాకాలం చీకటితోనే లేచి, తునికి పొదల మీద వంగి ఆకు కోసి, మూట నెత్తిన పెట్టుకుని ఆకు కొనే కల్లం దాకా మోసింది. ఎప్పుడూ నొప్పి అనలేదు. జూన్‌లో బడులు తెరిచాక నేను వెళ్లేసరికి నడుముకు చీర కొంగు బిగించి కట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తోంది. వీపు దిగువన, సరిగ్గా మధ్యలో, వేలితో చూపించగలిగేంత చోట పొడుస్తోందని చెప్పింది.

"దవాఖానాకు పోదాం అక్కా, ఎక్స్‌రే తీయిద్దాం" అన్నాను.

"నీ కాలు ఇంట్ల ఉండంగ నాకు దవాఖానా ఏంది? ఊరు నవ్వుతది."

నాకు ఆ మాట నచ్చింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అప్పుడు నచ్చింది. ఊరందరినీ తొక్కిన కాలు అక్కను మాత్రం నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ తొక్కలేదు. ఆమె రుణం ఇలా తీరుతుందేమో అని కూడా అనుకున్నాను. మర్నాడు ఆదివారం. అక్క తనే గడప తుడిచి, బోర్లా పడుకుంది. ఒకటి, రెండు. మూడోసారి నా మడమ కింద ఏదో లొంగింది. చప్పుడు వినపడలేదు. ఎండు పుల్ల మీద అడుగేసినట్టు కాలికి తెలిసింది. అక్క వేళ్లు గడప చెక్కను పట్టుకున్నాయి.

కాసేపటికి తలుపు రెక్క పట్టుకుని లేచింది. "పోయింది చెల్లె" అంది. తన ఇల్లే అయినా పద్ధతి ప్రకారం వెనక్కి చూడకుండా వాకిలి దాటి, ఇల్లంతా చుట్టి, పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. మా బావ అది చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ చుట్టు తిరిగేలోపు ఆమె మొహం ఎలా ఉందో మేమిద్దరం చూడలేదు.

తర్వాతి రెండు ఆదివారాలూ వెళ్లాను. రెండుసార్లూ పడుకుంది, రెండుసార్లూ "పోయింది" అంది. ఆ తర్వాత బడి పనిలో పడిపోయాను. ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నానని చెప్పేది.

వానలు ముదిరాక ఒకరోజు బావ ఫోన్ చేశాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. "మీ అక్క మంచం మీంచి లేస్తలేదు" అన్నాడు, అంతే. జీపు మాట్లాడుకుని ఖమ్మం తీసుకుపోయాం. దారిలో ప్రతి గుంతకూ అక్క నా మోచేయి నొక్కేది.

డాక్టరు నెమ్మదస్తుడు. ఎమ్మారై బొమ్మ తెర మీద పెట్టి వెన్నుపూసలు చూపించాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చిన అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. వాటిలో ఒకటి ముందువైపు నలిగిపోయింది.

"కోత ఉండదమ్మా" అని అక్కకు చెప్పాడు. "వీపు మీద రెండు చిన్న రంధ్రాలు పెడతాం. సన్నని గొట్టాలు పూస లోపలికి పంపి, అందులోంచి చిన్న బెలూన్ ఊదుతాం. నలిగిన ఎముక కొంచెం పైకి లేస్తుంది. బెలూన్ తీసేసి ఆ ఖాళీలో ఎముకల సిమెంటు నింపుతాం. కాసేపట్లోనే గట్టిపడుతుంది. రేపటికి లేచి నడుస్తారు."

"సిమెంటా సారూ? మా అరుగుకు పోసినట్టా?" అంది అక్క, అంత నొప్పిలోనూ.

"దానికంటే మంచిదేనమ్మా" అని నవ్వాడు ఆయన. తర్వాత కాగితం ముందుకు లాక్కుని, "ఇది ఎట్లా అయింది? ఎక్కడన్నా పడ్డారా?" అని అడిగాడు.

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఫలానాది చెప్పమని లేదు. నేనేం చెబితే దానికి తను సిద్ధం, అంతే. అప్పటికే నేను జీవశాస్త్రం టీచర్నని ఆయనకు గొప్పగా చెప్పి ఉన్నాను. ఆయన నన్ను మేడం అని పిలుస్తున్నాడు. ఆ మనిషి ముందు, ఎదురుకాళ్లతో పుట్టాను కాబట్టి అక్కను గడప మీద పడుకోబెట్టి తొక్కానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"పడింది సార్. అరుగు మీంచి జారి" అన్నాను.

"అవ్ సారూ, జారిన" అంది అక్క వెంటనే.

ఆయన రాసుకుంటూ ఆగాడు. "దెబ్బ తగిలి విరిగితే ఒక దారి మేడం. దెబ్బేమీ లేకుండా విరిగిందంటే ఎముకల్లోనే బలం లేదని. అప్పుడు వేరే పరీక్షలు, వేరే మందులు ఉంటాయి. అందుకే మళ్లీ అడుగుతున్నా. గట్టిగానే పడ్డారా?"

"గట్టిగానే పడింది."

"ఇంతకు ముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా?"

"ఏమీ లేవు సార్."

అక్కకు ముప్పై ఒకటో ఏట గర్భసంచి తీసేశారు, అండాశయాలతో సహా. అప్పుడు ఇదే ఖమ్మంలో ఇంకో దవాఖానాలో ఆమె మంచం పక్కన నేల మీద నేనే పడుకున్నాను. అండాశయాలు లేకపోతే ఎముకలు తొందరగా గుల్లబారతాయని నాకు తెలుసు. హార్మోన్ల పాఠం ఏటా చెబుతాను, పట్టిక గీయించి మరీ. అంటే మర్చిపోయి అన్న మాట కాదు. నిజం చెబితే ఇంకో ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న వెనక ఇంకోటి, అలా తీగ లాగితే నా కాలు బయటపడుతుందని భయపడ్డాను. ఒక అబద్ధం నిలబడాలని రెండోది చెప్పాను.

మర్నాడు పొద్దున అక్కను లోపలికి తీసుకుపోయారు. గంట కూడా పట్టలేదు. నర్సు బయటికి వచ్చి, "బోర్లా పడుకోవడానికి చాలామంది భయపడతారు మేడం. మీ అక్క అలవాటున్నట్టే పడుకుంది" అని మెచ్చుకుంది. నేను తల ఊపి, మంచినీళ్లు తెస్తానని అక్కణ్నుంచి లేచిపోయాను.

మరుసటి రోజు అక్క లేచి వరండాలో ఆ చివరి దాకా నడిచింది, ఈ చివరి దాకా నడిచి వచ్చింది. వీపు మీద రెండు చిన్న ప్లాస్టర్ ముక్కలు, అంతే. దోమ కుట్టినంత గాయం. మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "నిజంగనే పోయింది చెల్లె" అంది. ఆ "నిజంగనే" ఎందుకు వచ్చిందో ఆ సంతోషంలో నేను పట్టించుకోలేదు.

ఏడు నెలలు బాగానే గడిచాయి. ఇంతలో ఇప్పపువ్వు కాలం వచ్చింది. బరువులు మొయ్యొద్దన్నారు కాబట్టి అక్క మొయ్యలేదు. చెట్టు కింద రాలిన పువ్వు ఏరడం బరువేం కాదనుకుని వంగింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది.

మళ్లీ ఖమ్మం, మళ్లీ అదే డాక్టరు. "మళ్లీ పడ్డారా అమ్మా?" అని అడిగాడు. అక్క లేదంది, పువ్వు ఏరుతుంటే పట్టుకుందంది. ఆయన పాత ఫైలు తెప్పించుకుని మొదటి పేజీ చాలాసేపు చూశాడు. నేను రాయించిన పేజీ అది. తర్వాత నన్నొక్కదాన్నే పక్క గదిలోకి పిలిచాడు.

అప్పుడు చెప్పాను. గడప, ఎడమ కాలు, మూడు ఆదివారాలు, గర్భసంచి, అన్నీ. చెబుతున్నంతసేపూ బల్ల మీది పేపర్‌వెయిట్‌నే చూశాను. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నా వల్లే విరిగిందా సార్?" అని అడిగాను.

"చెప్పలేను మేడం. ఇనప తీగను అటూ ఇటూ వంచుతుంటే ఒకరోజు విరుగుతుంది చూడండి, అట్లా ఎన్నో ఏళ్ల బరువుకు ఆ పూసలో సన్న పగులు ముందే వచ్చి ఉంటుంది. మీరు తొక్కింది ఆఖరి వంపు కావచ్చు, కాకపోవచ్చు. నాకు అప్పుడు కావాల్సింది మీరు తొక్కారా లేదా అన్నది కాదు. ఆమె పడలేదు అన్న ఒక్క మాట. ఆ మాట ఉంటే అప్పుడే ఎముకల పరీక్ష చేసి మందు మొదలుపెట్టేవాణ్ని. ఇప్పుడు నలిగిన పూసలు తప్పకుండా నిలిచేవని అనను. నిలవడానికి అవకాశం మాత్రం ఉండేది."

ఈసారి రెండు పూసలు నలిగాయి. ఒకటి కొత్తది, దానికి బెలూన్ పెట్టి సిమెంటు నింపారు. రెండోది ఎప్పుడో కూలి, వంకరగానే అతుక్కుపోయింది. దాన్ని ఏమీ చేయలేమన్నారు. ఆ నొప్పి కూడా మాకు చెప్పకుండా నెలల తరబడి అక్క ఓర్చుకుందన్నమాట. నొప్పి తగ్గింది, వంపు మిగిలింది. నాకంటే ఎత్తుగా ఉండే అక్క ఇప్పుడు నా భుజం కిందికి వచ్చింది. నిలబడితే చూపు నేల మీదే ఉంటుంది. నేను ఎదురుగా నిలబడితే ఆమెకు నా మొహం కనిపించదు. మాట్లాడాలంటే నేను కింద కూర్చోవాలి.

దవాఖానా నుంచి వచ్చిన కొన్ని వారాలకు, ఒక ఆదివారం పొద్దున నేను అక్క దగ్గరే ఉన్నాను. పక్క ఊరి నుంచి ఒకామె వచ్చి వాకిట్లో నిలబడింది. అరవై దగ్గర పడిన మనిషి. ఒక చెయ్యి నడుము మీద ఉంది. ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు. మంచం మీంచి అక్కే పలికింది.

"పండుకో పెద్దమ్మా. మా చెల్లె ఇంట్లనే ఉంది."

"నేను తొక్క" అన్నాను.

ఆమె చిన్నబోయింది. "ఎందుకట్ల టీచరమ్మా? చాయ్ గూడ తాగకుంట వచ్చిన."

"మా అక్క పడి నడుము ఇరగ్గొట్టుకోలే పెద్దమ్మా. నేను తొక్కిన నాడు నా కాలు కింద ఇరిగింది. నువ్వు ఎక్కడన్నా పడ్డవా?"

"పడలే."

"అయితే దవాఖానాల అదే చెప్పు, పడలే అని. రేపు నాతోని ఖమ్మం రా, చూపిద్దాం."

కొడుకునడిగి చెబుతానని ఆమె వెళ్లిపోయింది. వాకిలి దాటేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి నా కాలి వైపు చూసుకుంటూ పోయింది. ఇన్నేళ్లలో ఆ గడప దగ్గర్నుంచి వెనక్కి చూసిన మొదటి మనిషి ఆమే.

నేను నిజం చెప్పాననుకున్నాను. ఛాతీ మీద బరువు కొంచెం తగ్గిందని కూడా అనుకున్నాను. మంచం వైపు తిరిగితే అక్క పెదవులు బిగించి ఉంది. వెళ్లి కింద కూర్చున్నాను.

"నీకు మూడేండ్లు అప్పుడు" అంది. "అమ్మ పోయిన ఏడు. తల్లిని తన్ని పుట్టింది, తల్లిని తిన్నది అని ఊళ్లె ఒకటే మాట. నిన్ను ఎవలూ ఎత్తుకోకపోతుండె. పండుగనాడు ఒకలింటికి తీస్కపోతే, నిన్ను బయట కూసోబెట్టమన్నరు. సంతల ఒక ముసలామె అంటుంటే ఇన్న, ఎదురుకాళ్ల పిల్లలు తొక్కితే నడుము నొప్పి పోతదని. తెల్లారి నడుము పట్టిందని ఏడ్చుకుంట గడప మీద పడ్డ. పది మంది జమయిండ్రు. నిన్ను నా మీద నిలబెట్టమన్న. నువ్వు దిగంగనే లేచి, పోయింది పోయింది అని ఊరంత ఉరికిన."

"నీకు నిజంగ నొప్పి ఉండెనా?"

"ఏం నొప్పి? పన్నెండేండ్ల పోరికి నడుము నొప్పేంది?"

"మరి ఎనుకకు చూడొద్దని?"

"చూస్తే నాకు నవ్వొస్తుండె" అంది. చెబుతున్నప్పుడు కూడా ఆమె మూతి కొంచెం కదిలింది. "ఏం ఇయ్యొద్దు, ఏం తినొద్దు, అన్నీ నేను కట్టినయే. పైసలు తీస్కుంటే మళ్ల ఏదో ఒక మాట పుడతదని. అప్పటిసంది ఊరు నిన్ను పిలిచి పీట ఏసింది."

"మరి జూన్ల ఎందుకు పండుకున్నవ్ అక్కా, అబద్ధమని తెలిసి?" అన్నాను.

"మొదాలు అబద్ధమే. ఇన్నేండ్లు అందరికీ తగ్గుతుంటే నాకు గూడ నిజమే అనిపియ్యదా?"

"తగ్గిందా?"

"తగ్గలే. ఆ దినమే టక్కుమన్నది."

"మరి పోయింది అన్నవ్ గద. మూడు వారాలు అన్నవ్."

"పోలే అంటే నీ కాలుకు మాట రాదా?" అంది అక్క. "ముప్పై తొమ్మిదేండ్లు రానియ్యలే. ఇయ్యాల నువ్వే తెచ్చుకున్నవ్."

తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె అబద్ధం చెప్పింది నా మీద పడాల్సిన మాటను ఆపడానికి. నేను దవాఖానాలో చెప్పింది నా పరువు కాపాడుకోవడానికి. ఆమె అబద్ధం నన్ను ఊరికి మనిషిని చేసింది. నాది ఆమె నడుమును వంచేసింది. ఇప్పుడు ఆలస్యంగా చెప్పిన నిజంతో, ఆమె పన్నెండేళ్లప్పుడు కట్టినదాన్ని కూడా కూల్చి పెట్టాను. ఆ మాట వేరే రకంగా చెప్పి ఆ పెద్దమ్మను పంపగలిగేదాన్ని. అక్క వినకుండా వాకిలి దాటించి చెప్పగలిగేదాన్ని. అదేమీ తోచలేదు నాకు. నా బరువు దించుకోవాలన్న తొందరే తోచింది.

సాయంత్రం దాకా అక్క నాతో మాట్లాడలేదు. అన్నం కలిపి పెడితే తింది. ఎముకల ఇంజెక్షన్ మళ్లీ ఎప్పుడో కాగితం మీద రాసి గోడకు అంటించాను. బావకు కూడా చెప్పి, బస్సు వేళకు సంచి తగిలించుకుని బయటికి వచ్చాను. వెనకాలే గోడ పట్టుకుంటూ అక్క గడప దాకా వచ్చింది. నిలబడినా వంగినట్టే ఉంది. ఇప్పుడు ఆమెకు కనిపించేవి నా కాళ్లే.

"ఎడమ చెప్పు పట్టీ ఊడేటట్టుంది" అంది. "బాటెంబడి ముండ్లున్నయ్. జల్దీ కుట్టిచ్చుకో."

నేను సంచి కింద పెట్టి, నా మొహం ఆమెకు కనిపించేలా అరుగు మీద కూర్చున్నాను. అక్క నా మొహం చూడలేదు. ఆ పట్టీనే చూస్తూ నిలబడింది.